కీటోఅసిడోసిస్ నుంచి కోలుకుంటున్న మధుమేహ పిల్లి: ఇంటి వద్ద సంరక్షణ

మధుమేహం ముదిరి కీటోఅసిడోసిస్ స్థితిలో ఆసుపత్రికి చేరిన పిల్లులలో సుమారు 70 శాతం ప్రాణాలతో బయటపడుతున్నట్లు పెద్ద బోధనాసుపత్రుల నివేదికలు తెలుపుతున్నాయి. చికిత్సకు సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది. సెలైన్ తీసివేసి, పిల్లి తనంతట తాను నాలుగు ముద్దలు తిన్న నాడు యజమాని దానిని బుట్టలో పెట్టుకొని ఇంటికి తీసుకొని వెళతాడు. గండం గడచినదని కుటుంబం భావిస్తుంది. నిజానికి ఆ పిల్లి జీవితంలో మిక్కిలి సున్నితమైన దశ అప్పుడే మొదలవుతుంది. కోలుకున్న పిల్లులలో చెప్పుకోదగిన భాగం మరల అదే స్థితికి చేరుతున్నాయి. ఆసుపత్రిలో గంటగంటకు పరీక్షలు చేసిన వైద్య బృందం స్థానాన్ని ఇంటివద్ద ఒక గృహిణో, కళాశాలకు వెళ్లే విద్యార్థో తీసుకోవలసి వస్తుంది. వారికి ఏమి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఏది ముందు చెప్పాలి అన్నది పశువైద్యునికి చికిత్సతో సమానమైన బాధ్యత.

తెలుగు రాష్ట్రాల పశువైద్య విద్యలో పాడిపశువులకు, కోళ్లకు, గొర్రెలకు ఉన్న ప్రాధాన్యం పిల్లులకు ఇటీవలి వరకు లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో పర్షియన్ జాతి పిల్లులను, నాటు పిల్లులను ఇంటి నాలుగు గోడల మధ్యనే పెంచే కుటుంబాలు పెరిగిన కొద్దీ ఈ కొరత స్పష్టమవుతున్నది. వేటాడే పని లేక, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండి, బీజకోశాలు తొలగించబడి, సోఫా మీద నిద్రించే మధ్యవయస్సు గండుపిల్లికి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. వివిధ దేశాల అంచనాల ప్రకారం 100 నుంచి 500 పిల్లులకు ఒకదానిలో ఈ వ్యాధి కనిపిస్తుంది.

వ్యాధి స్వభావం

పిల్లులలో వచ్చే మధుమేహం అధికశాతం మనుషులలోని రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. స్థూలకాయం వలన దేహకణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. క్లోమగ్రంథిలోని బీటా కణాలు అధికంగా శ్రమించి క్రమేణా అలసిపోతాయి. ఈ కణ సమూహాలలో అమిలాయిడ్ అనే పదార్థం పేరుకొనడం పిల్లులలో సాధారణంగా కనిపించే మార్పు. దీనికి తోడు రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ చక్కెరే బీటా కణాలను మరింత అణచివేస్తుంది. చక్కెరను త్వరగా అదుపులోకి తెస్తే ఆ కణాలలో కొన్ని తిరిగి పనిచేయగలవు. పిల్లుల మధుమేహంలో ఆశకు తావిచ్చే అంశం ఇదే.

దురదకు వేసే దీర్ఘకాలిక స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఎదను అణచడానికి వాడే ప్రొజెస్టిన్ మందులు, దంతవ్యాధులు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, క్లోమగ్రంథి వాపు, పిట్యూటరీ గ్రంథి నుంచి పెరుగుదల హార్మోను అధికంగా విడుదల కావడం ఇన్సులిన్ పనిని మరింత కష్టతరం చేస్తాయి. ఇన్సులిన్ బాగా తగ్గిన తరుణంలో ఇట్టి మరొక వ్యాధి తోడైతే గ్లూకగాన్, కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పైచేయి సాధిస్తాయి. కొవ్వు కరిగి, కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరి, అక్కడ కీటోన్లుగా మారుతాయి. అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్, అసిటోన్ అనేవి ఆ మూడు కీటోన్లు. వీటిలో మొదటి రెండు ఆమ్లాలు. అవి రక్తంలో పేరుకొన్న కొద్దీ రక్తపు ఆమ్లత్వం పెరుగుతుంది. పిల్లి తినడం మానివేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, నీరసించి చల్లబడుతుంది. మూత్రంతో పాటు నీరు, సోడియం, పొటాషియం, ఫాస్ఫేట్ పెద్దమొత్తంలో పోతాయి.

గమనార్హమైన విషయం ఏమంటే, అనేక పిల్లులలో మధుమేహం ఉన్నట్లు తొలిసారి తెలిసేది ఈ ప్రాణాపాయ స్థితిలోనే. అంతకు ముందు కొన్ని వారాలుగా పిల్లి అధికంగా నీరు తాగుతున్నా, ఇసుక తొట్టిలో తడి ముద్దలు పెద్దవవుతున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా ఎండల వలన అనో, వయస్సు వలన అనో కుటుంబం సరిపెట్టుకుంటుంది. మధుమేహ రోగి మూత్రానికి చీమలు చేరుతాయన్నది ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉన్న పరిశీలన. పిల్లి ఇసుక తొట్టి చుట్టూ చీమలు పట్టడం గమనించి ఆసుపత్రికి వచ్చిన యజమాని మాటను పశువైద్యుడు తేలికగా తీసుకొనరాదు. పిల్లి రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 270 మిల్లీగ్రాములు దాటిన పిదపనే మూత్రంలోకి వస్తుంది. కనుక చీమలు చేరే నాటికి వ్యాధి తొలిదశ దాటినట్లే.

ఇంటికి పంపే ముందు

సెలైన్ లేకుండా కనీసం ఒక పూర్తి రోజు పిల్లి నీటి సమతుల్యతను నిలుపుకొనడం, వాంతులు ఆగడం, తనంతట తాను గాని ట్యూబు ద్వారా గాని ఆహారం నిలకడగా తీసుకొనడం, పొటాషియం సాధారణ స్థాయికి రావడం, దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్‌ను చర్మం కింద ఇవ్వడం మొదలుకావడం: ఈ ఐదూ నెరవేరకుండా పంపితే పిల్లి రెండు రోజులలో తిరిగి వస్తుంది. కీటోన్లు పూర్తిగా మాయమవడం మాత్రం తప్పనిసరి కాదు. తగ్గుముఖం పట్టి ఉంటే చాలు.

కీటోఅసిడోసిస్‌ను రేకెత్తించిన మూలకారణం ఏమిటో తేలకుండా పంపడం మరొక పొరపాటు. క్లోమగ్రంథి వాపు, కాలేయంలో కొవ్వు చేరడం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి, వీటిలో ఒకటో రెండో ఈ పిల్లులలో అధికశాతానికి ఉంటాయి. మధుమేహ పిల్లి మూత్రంలో తెల్లకణాలు ఎక్కువగా కనిపించకపోయినా బాక్టీరియా ఉండవచ్చు. అందుచేత మూత్రాన్ని కల్చర్ చేయించడం మేలు. పుచ్చిన పన్ను ఒకటి నోటిలో మిగిలి ఉన్నంతకాలం ఇన్సులిన్ మోతాదు ఎంత సవరించినా చక్కెర లొంగకపోవడం పశువైద్యులకు తరచు ఎదురయ్యే అనుభవం.

ఆహారం: తినడమే మొదటి మందు

కోలుకుంటున్న తొలి పది రోజులలో పిల్లి ఏమి తింటున్నది అన్నదానికంటే తింటున్నదా లేదా అన్నదే ముఖ్యం. మూడు నాలుగు రోజులు ఆహారం లేకుంటే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకొని కామెర్లకు దారితీస్తుంది. ఆ స్థితి కీటోఅసిడోసిస్ అంత ప్రమాదకరమైనది.

విశ్రాంతి స్థితిలో పిల్లికి కావలసిన శక్తిని దేహబరువు (కిలోలలో) యొక్క 0.75 ఘాతాన్ని 70తో గుణించి లెక్కిస్తారు. 4 కిలోల పిల్లికి ఇది రోజుకు సుమారు 198 కిలో కేలరీలు. అనేక దినాలు పస్తున్న పిల్లికి మొదటి రోజునే ఈ మొత్తం పెట్టడం తగదు. మొదటి దినం మూడోవంతు, రెండవ దినం మూడింట రెండు వంతులు, మూడవ దినం పూర్తి మోతాదు ఇవ్వడం సురక్షితం. ఆకలితో ఉన్న దేహానికి ఒక్కసారిగా ఆహారం, ఇన్సులిన్ రెండూ అందినప్పుడు రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల లోనికి వెళ్లిపోతాయి. పొటాషియం పడిపోయిన పిల్లి తల ఎత్తలేక మెడను కిందికి వాల్చి ఉంచుతుంది. ఫాస్ఫేట్ పడిపోతే ఎర్రరక్తకణాలు చిట్లి చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం ముదురు గోధుమరంగుకు మారుతుంది. ఈ రెండు చిహ్నాలను యజమానికి మాటలతో చెప్పి ఊరుకోకుండా, ఆరోగ్యంగా ఉన్నప్పటి చిగుళ్ళ రంగును ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకొమ్మనడం ఉపయోగకరం. పోల్చి చూచుకొనడానికి అది పనికివస్తుంది.

వాసన తెలిసేటట్లు ఆహారాన్ని గోరువెచ్చగా చేసి, కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాలి. తినని పిల్లి నోటిలోకి వేలితో ఆహారం కుక్కడం వలన అది ఆ ఆహారాన్నే శాశ్వతంగా ద్వేషించవచ్చు. వికారం తగ్గడానికి మారోపిటాంట్, ఆకలి పుట్టడానికి మిర్టజపిన్ వంటి మందులను పశువైద్యుడు సూచిస్తాడు. మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లికి మిర్టజపిన్ ఇచ్చే వ్యవధిని పెంచాలి. అప్పటికీ సరిపడా తినకపోతే మెడ పక్కనుంచి అన్నవాహికలోకి అమర్చే ఆహారపు ట్యూబు ఉత్తమం. ట్యూబు మాట వినగానే కుటుంబాలు భయపడతాయి. అది ఉన్న పిల్లి మామూలుగా తిరుగుతుందని, నోటితో కూడ తినగలదని, మందులు, నీరు సైతం దాని ద్వారానే ఇవ్వవచ్చునని తెలిపితే చాలామంది అంగీకరిస్తారు.

ఆకలి నిలకడపడిన తరువాతనే ఆహారపు నాణ్యత విషయానికి రావాలి. పిల్లి సహజంగా మాంసాహారి. పిండిపదార్థాల నుంచి 12 శాతానికి మించని శక్తి, ఎక్కువ మాంసకృత్తులు గల తడి ఆహారం మధుమేహ పిల్లికి అనువైనది. తెలుగు ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం పెట్టడం తరతరాల అలవాటు. ఆ అన్నం మధుమేహ పిల్లికి చక్కెరతో సమానం. గింజల ఆకారంలోని పొడి ఆహారంలో కూడ పిండిపదార్థం గణనీయంగానే ఉంటుంది. ఉడికించిన కోడిమాంసం మంచిదే అయినా కేవలం కండ మాంసంలో కాల్షియం చాలినంత ఉండదు. ఉడికించిన నీటిలోకి టారిన్ కొంత పోతుంది గనుక ఆ నీటిని పారబోయరాదు. ఇంటి వంటనే దీర్ఘకాలం కొనసాగించదలచిన వారికి పోషకాహార మిశ్రమాన్ని కలిపే విధానాన్ని పశువైద్యుడు విడిగా రాసి ఇవ్వాలి.

కూరలోని మాంసం ముక్కను కడిగి పెట్టడం కూడ తగదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. పిల్లుల హిమోగ్లోబిన్ ఆక్సీకరణకు సులభంగా లొంగేది. మధుమేహంలో కీటోన్లు పెరిగిన పిల్లి రక్తకణాలలో హైంజ్ బాడీలు అనబడే మచ్చలు ముందే ఎక్కువగా ఉంటాయి. ఆ సమయంలో ఉల్లి పులుసులో ఉడికిన ముక్క తీవ్ర రక్తహీనతకు కారణం కాగలదు. ఇదే కారణం చేత, ఒళ్లు వెచ్చగా ఉన్నదని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రలో చిన్న ముక్క వేయడం పిల్లిని చంపడమే అవుతుంది. ఈ రెండు నిషేధాలను డిశ్చార్జి పత్రంపై పెద్ద అక్షరాలలో రాయవలసి ఉంటుంది.

ఇన్సులిన్, సిరంజి: పదే పదే జరిగే పొరపాటు

పిల్లులలో గ్లార్జిన్, ప్రొటమిన్ జింక్ ఇన్సులిన్, పంది ఇన్సులిన్‌తో తయారైన లెంటే రకం రోజుకు రెండుసార్లు, 12 గంటల వ్యవధితో వాడుకలో ఉన్నాయి. ప్రారంభ మోతాదు సాధారణంగా పూటకు ఒకటి నుంచి రెండు యూనిట్లు. ఇంత చిన్న మోతాదులో అర యూనిట్ తేడా కూడ చిన్నది కాదు.

భారతదేశంలో ఈ విషయంలో ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉన్నది. మందుల దుకాణాలలో మనుషుల కొరకు అమ్మే ఇన్సులిన్ సీసాలలో అధికభాగం మి.లీ.కు 40 యూనిట్లవి. వాటికి ఎర్రమూత గల 40 యూనిట్ల సిరంజి. గ్లార్జిన్ సాధారణంగా మి.లీ.కు 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత గల 100 యూనిట్ల సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజిలో 'ఒకటి' గీత వరకు తీస్తే అందులోకి వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. పూటకు రెండు యూనిట్లు ఇవ్వవలసిన పిల్లికి ఐదు యూనిట్లు పడతాయి. 40 యూనిట్ల ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజితో తీస్తే 'ఒకటి' గీత వద్ద 0.4 యూనిట్ మాత్రమే వస్తుంది. మొదటి పొరపాటు పిల్లిని కొన్ని గంటలలో మూర్ఛలోకి నెడుతుంది. రెండవది కొన్ని దినాలలో తిరిగి కీటోఅసిడోసిస్‌లోకి నెడుతుంది. మి.లీ.కు 300 యూనిట్ల గ్లార్జిన్ పెన్నులు కూడ అందుబాటులో ఉన్నందున వాటి నుంచి సిరంజితో మందు తీయరాదని స్పష్టం చేయాలి. కనుక చీటీపై మందు పేరు మాత్రమే గాక, గాఢత, సిరంజి రకం, మూత రంగు మూడూ రాయడం వైద్యుని విధి. దుకాణదారుడు ప్రత్యామ్నాయం ఇస్తానన్నప్పుడు ముందుగా వైద్యునికి ఫోన్ చేయమని యజమానికి చెప్పాలి.

ఇంట్లోని పెద్దవారు వాడే 30/70 మిశ్రమ ఇన్సులిన్‌ను 'అదీ ఇన్సులినే కదా' అని పిల్లికి వేసే సందర్భాలను ముందుగానే ఊహించి వారించాలి. ఆ మిశ్రమం పిల్లిలో చక్కెరను వేగంగా దించి, పూట ముగియక ముందే పని చాలిస్తుంది.

గ్లార్జిన్‌ను సెలైన్‌తో పలుచన చేయరాదు, మరొక ఇన్సులిన్‌తో కలుపరాదు. దాని ఆమ్ల స్వభావమే చర్మం కింద నెమ్మదిగా కరిగే సూక్ష్మ అవక్షేపంగా మారడానికి కారణం. పలుచన చేస్తే ఆ గుణం పోతుంది. సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే ప్రాంతాలలో ఫ్రిజ్ తలుపును మాటిమాటికి తెరవకుండా ఉంచడం, వెడలినప్పుడు మంచుగడ్డకు తాకకుండా గుడ్డ చుట్టిన ఫ్లాస్కులో తీసుకుపోవడం తెలిపి ఉంచాలి. మందు మబ్బుగా కనిపించినా, కారణం తెలియకుండా చక్కెర పెరుగుతున్నా సీసా మార్చడం మంచిది.

ఇంజెక్షన్‌ను మెడ వెనుక చర్మంలో కంటే ఛాతీ పక్క, పొత్తికడుపు పక్క చర్మంలో స్థలం మార్చుతూ వేస్తే శోషణ నిలకడగా ఉంటుంది. సూది గుచ్చిన తర్వాత వెంట్రుకలు తడిసి ఉంటే మందు బయటికి పోయినట్లు గ్రహించాలి. అప్పుడు ఎంత పోయినదో తెలియదు గనుక మరొక మోతాదు వేయరాదు. తదుపరి పూట వరకు వేచి చూడాలి.

తినని పూట

ఈ వ్యాసానికి కేంద్రమైన ప్రశ్న ఇది. ఉదయం ఏడు గంటలకు పిల్లి గిన్నె వద్దకు రాలేదు. ఇన్సులిన్ వేయాలా, మానాలా? సాధారణ మధుమేహ పిల్లి యజమానికి ఇచ్చే సలహా 'తినకుంటే ఇన్సులిన్ వేయవద్దు' అన్నది. కీటోఅసిడోసిస్ నుంచి ఇప్పుడిప్పుడే లేచిన పిల్లికి ఆ సలహాను యథాతథంగా ఇవ్వడం ప్రమాదకరం. కీటోన్ల ఉత్పత్తిని ఆపేది ఇన్సులిన్ మాత్రమే. పస్తు, ఇన్సులిన్ లేమి కలిసిన రెండు పూటలలోనే కాలేయం తిరిగి కీటోన్లను తయారుచేయడం మొదలుపెట్టగలదు. మరోవైపు ఆహారం లేని దేహంలో పూర్తి మోతాదు ఇన్సులిన్ చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. రెండు వైపులా అగాధమే.

ఇట్టి పూటకు ఒకే సమాధానం లేదు, చక్కెర పరీక్షను బట్టి సమాధానం మారుతుంది. అందుచేత డిశ్చార్జి రోజునే వైద్యుడు ఆ పిల్లికి వర్తించే అంకెలను కాగితంపై రాసి ఇవ్వాలి. అనేకచోట్ల అనుసరించే పద్ధతి ఈ విధంగా ఉంటుంది: పిల్లి తినలేదు, చక్కెర 250 నుంచి 300 దాటి ఉన్నది అంటే సగం మోతాదు వేసి వైద్యునికి తెలపాలి, కీటోన్లు పరీక్షించాలి. చక్కెర 150కి దిగువన ఉంటే ఇన్సులిన్ వేయక వెంటనే వైద్యునితో మాట్లాడాలి. మధ్యస్థంగా ఉంటే గంటసేపు ఆగి, వెచ్చని ఆహారంతో మరల ప్రయత్నించి, వైద్యుని సలహా మేరకు నడుచుకోవాలి. వరుసగా రెండు పూటలు తినకపోయినా, తినకపోవడంతో పాటు ఒక్క వాంతి అయినా చక్కెర అంకెతో నిమిత్తం లేకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకొని రావాలి. ఈ చివరి వాక్యంలో 'చూద్దాం, రేపటికి తింటుందేమో' అన్న ఊగిసలాటకు చోటు ఉండరాదు. ఇంటిపట్టున ఒక రాత్రి గడిచేసరికి తిరిగిరాని స్థితికి చేరిన పిల్లులు ఉన్నాయి.

చక్కెర పడిపోయిన పిల్లి తూలుతుంది, వణకుతుంది, చూపు నిలపదు, పిచ్చిగా ఆహారం వెదకవచ్చు లేదా మూల నక్కవచ్చు, చివరకు మూర్ఛ వస్తుంది. పరీక్షలో 60కి దిగువన ఉంటే లక్షణాలు లేకున్నా ఆహారం పెట్టాలి. స్పృహ ఉండి తినగలిగితే ఆహారమే ఉత్తమం. తినలేని స్థితిలో ఉంటే తేనె గాని, నీటిలో కలిపిన గ్లూకోజు పొడి గాని కొద్దిగా చిగుళ్ళకు పూయాలి. మూర్ఛలో ఉన్న పిల్లి నోటిలో ద్రవం పోస్తే ఊపిరితిత్తులలోకి వెళుతుంది, వేలు పెడితే కొరుకుతుంది. తేరుకున్నదని ఇంటిలోనే ఉంచరాదు. వేసిన ఇన్సులిన్ ఇంకా కొన్ని గంటలు పనిచేస్తూనే ఉంటుంది. పిల్లి తూలుతున్నది గాని గ్లూకోమీటరు అందుబాటులో లేదు అంటే చక్కెర పడిపోయిందనే భావించి చికిత్స చేయాలి. కొద్దిసేపు చక్కెర పెరిగినందువలన పిల్లి చనిపోదు.

ఇంటి పరీక్షలు

చెవి అంచున నడిచే సన్నని సిర పిల్లికి అనువైన పరీక్షా స్థానం. వెచ్చని గుడ్డతో చెవిని అర నిమిషం అదిమి, అంచుకు పలుచగా వాజెలిన్ రాసి, వెనుకవైపు దూది ఆనించి లాన్సెట్‌తో గుచ్చితే రక్తం చుక్కగా నిలుస్తుంది. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలోని చక్కెరను సాధారణంగా ఉన్నదానికంటే తక్కువగా చూపుతుంది. పిల్లి రక్తంలో చక్కెర అధికభాగం ఎర్రకణాలలో గాక ప్లాస్మాలో ఉండడం అందుకు కారణం. అయినా అదే మీటరును ఎప్పుడూ వాడుతూ ఉంటే హెచ్చుతగ్గుల సరళి తెలుస్తుంది. మనుషుల కొరకు వచ్చిన చర్మపు సెన్సార్లను పిల్లుల భుజంపై అమర్చి నిరంతరం చక్కెరను చూచే పద్ధతి విస్తరిస్తున్నది. పిల్లిలో ఆ సెన్సారు పూర్తి 14 రోజులు నిలవకపోవచ్చు. అయినప్పటికీ కోలుకుంటున్న తొలి వారంలో అది చేసే మేలు ఖర్చుకు తగినదే.

ఆసుపత్రిలో తీసిన ఒక్క అంకెను చూచి మోతాదు పెంచడం తగదు. భయపడిన పిల్లిలో మధుమేహం లేకున్నా చక్కెర 300 దాటవచ్చు. ఇంటివద్ద రెండు గంటలకొకసారి 12 గంటలపాటు తీసిన అంకెల వరసలో కనిష్ఠస్థాయి 80 నుంచి 150 మధ్య ఉండడం లక్ష్యం. గ్లార్జిన్ మోతాదును ఐదు నుంచి ఏడు రోజుల లోపల పెంచరాదు. తగ్గించడానికి మాత్రం ఆ నియమం లేదు. చక్కెర ఒక్కసారి ప్రమాదకరంగా పడిపోయినా వెంటనే తగ్గించాలి.

కీటోన్ల పరీక్షను తొలి రెండు వారాలు ప్రతిదినం, పిమ్మట వారానికి రెండుసార్లు చేయడం మంచిది. మూత్రం సేకరించడానికి తొట్టిలోని ఇసుక తీసి, కడిగిన అక్వేరియం గులకరాళ్లు పోస్తే మూత్రం అడుగున నిలుస్తుంది. ఇక్కడ విద్యార్థులు తప్పక గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి ఉన్నది. మూత్రపు పట్టీలోని రసాయనం అసిటోఅసిటేట్‌ను గుర్తిస్తుంది, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్‌ను గుర్తించదు. తీవ్రమైన కీటోఅసిడోసిస్‌లో అధికంగా ఉండేది రెండవదే. చికిత్సతో పిల్లి కోలుకుంటున్నప్పుడు అది అసిటోఅసిటేట్‌గా మారడం వలన పట్టీ రంగు ముదురుతుంది. పిల్లి చురుకుగా తింటూ తిరుగుతూ ఉండగా పట్టీ రంగు చూచి బెదరిన యజమానికి ఈ వివరణ కావాలి. అదే విధంగా, పట్టీపై రంగు తక్కువగా ఉన్నంత మాత్రాన తినకుండా పడుకున్న పిల్లిని నిర్లక్ష్యం చేయరాదు. వీలున్నచోట రక్తంలో బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్‌ను కొలిచే చిన్న మీటరు పట్టీ కంటే నమ్మదగినది.

వెనుక కాళ్లు, బరువు, కొత్త మందులు

కొన్ని పిల్లులు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. మధుమేహం వలన నరాలు దెబ్బతినడం దీనికి కారణం. చక్కెర అదుపులోకి వచ్చిన తరువాత వారాల నుంచి నెలల వ్యవధిలో చాలావరకు మెరుగుపడుతుంది. ఈలోగా జారని పట్టా పరచి, అంచు తక్కువగా ఉన్న తొట్టి పెడితే చాలు. లావుగా ఉన్న పిల్లి బరువు తగ్గించే పని కోలుకున్న తరువాతనే చేపట్టాలి. అప్పుడు కూడ వారానికి దేహబరువులో ఒక శాతం మించకుండా ఉండడం క్షేమం.

అమెరికాలో బెక్సాగ్లిఫ్లోజిన్ 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ 2023లో పిల్లుల మధుమేహానికి అనుమతి పొందాయి. మూత్రపిండాల ద్వారా చక్కెరను బయటికి పంపే ఈ మందులు నోటి ద్వారా ఇచ్చేవి కనుక సూదికి భయపడే యజమానులు వాటి గురించి అడుగుతారు. ఇన్సులిన్ తప్పనిసరి అయిన పిల్లికి, ఒకసారి కీటోఅసిడోసిస్ వచ్చిన పిల్లికి ఇవి తగవు. ఈ మందులు వాడే పిల్లిలో చక్కెర 250 లోపల ఉండగానే కీటోఅసిడోసిస్ రాగలదు. అంకె బాగున్నందువలన ప్రమాదం కంటికి కనిపించదు.

ఇన్సులిన్ అవసరం తగ్గినప్పుడు

కీటోఅసిడోసిస్ వచ్చినంత మాత్రాన పిల్లి జీవితాంతం ఇన్సులిన్‌పై ఆధారపడుతుందన్న నియమం లేదు. జ్యూరిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన పరిశీలనలో కీటోఅసిడోసిస్ వచ్చిన 12 పిల్లులలో 7 తదుపరి కాలంలో ఇన్సులిన్ అవసరం లేని స్థితికి చేరాయి. ఈ సంఖ్య చిన్నదే అయినా, ప్రాణం తీయమని అడగడానికి వచ్చిన కుటుంబంతో మాట్లాడే వైద్యుడు దీనిని మరువరాదు. తక్కువ పిండిపదార్థాల ఆహారం, తొలి వారాలలోనే చక్కెరను అదుపు చేయడం, స్టెరాయిడ్లను మానడం ఈ అవకాశాన్ని పెంచుతాయి.

ఇట్టి స్థితి సమీపిస్తున్నదనడానికి చిహ్నం అదే మోతాదుపై చక్కెర క్రమంగా దిగడం. అప్పుడు మోతాదును అర యూనిట్ చొప్పున తగ్గిస్తూ రావాలి. కుటుంబం తమంతట తాము ఒక్కసారిగా మానరాదు. ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు చక్కెర సాధారణంగా ఉంటే వ్యాధి విరామదశలో ఉన్నట్లు. విరామదశలో ఉన్న పిల్లికి పెరుగన్నం తిరిగి మొదలుపెట్టినా, దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసినా వ్యాధి మరల రావచ్చు. కనుక ఆ పిల్లి చీటీపై 'స్టెరాయిడ్ నిషిద్ధం' అన్న మాట శాశ్వతంగా ఉండాలి.

యజమానికి బోధించే తీరు

విస్తరణ శాస్త్రవేత్తలకు రైతుకు యూరియా మోతాదు చెప్పడంలో ఉన్న అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. 'అర్థమైందా' అని అడిగితే అందరూ తల ఊపుతారు. డిశ్చార్జికి ముందు రోజు యజమానిని పిలిచి, అదే రకం సిరంజిలో సెలైన్ తీయించి, గీత చదివించి, నారింజపండుపై గుచ్చించి, ఆ తరువాత పిల్లికి అసలు మోతాదును వైద్యుని ఎదుట వారిచేతనే వేయించాలి. 'రేపు ఉదయం తినకపోతే ఏమి చేస్తారు' అని అడిగి వారి నోటనే సమాధానం రాబట్టాలి. ఇంటిలో కనీసం ఇద్దరికి ఈ పని రావాలి. పెళ్లికో, పండుగకో ఊరికి వెళ్లే రోజులలో ఆ పూట ఇన్సులిన్ ఎవరు వేస్తారన్నది ముందుగానే తేల్చుకోవాలి. సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో ఈ పిల్లులు తిరిగి ఆసుపత్రికి రావడం వెనుక కారణం తరచు ఇంతే.

ఖర్చు విషయం కూడ దాచకుండా మాట్లాడాలి. ఇన్సులిన్, సిరంజిలు, పరీక్షా పట్టీలు, తడి ఆహారం కలిపి నెలకు ఎంత అవుతుందో ముందుగా తెలిసిన కుటుంబం వీలైనదానిని ఎంచుకుంటుంది. తెలియని కుటుంబం మూడవ నెలలో పట్టీలు కొనడం మానివేస్తుంది, ఆపై ఇన్సులిన్‌ను ఒక పూటకు తగ్గిస్తుంది, ఆ మార్పును వైద్యునికి చెప్పడానికి సంకోచిస్తుంది. సెన్సారు కొనలేని ఇంటికి పాత నోటుపుస్తకంలో నాలుగు గడులు చాలు: ఎంత తిన్నది, ఎన్ని గ్లాసుల నీరు తాగినది, ఎన్ని యూనిట్లు వేసినది, ఎలా ఉన్నది. ఆసుపత్రికి వచ్చినప్పుడు వైద్యుడు మొదట అడిగి తీసుకోవలసినది ఆ నోటుపుస్తకాన్నే.